32 అడుగులా, 40 అడుగులా: టెర్రస్ మీద ముగ్గేసి తేల్చుకున్న బోటు

తిరుపతిలో నేను సర్వేయర్‌నని చెప్తే పొలం గట్లు కొలవడానికి పిలుస్తారు. ఒకాయన రేణిగుంట దగ్గర రెండెకరాల తగాదా ఉంది, గొలుసు తీసుకొని రమ్మని ఫోన్ కూడా చేశాడు. నేను చూసేది పడవల్ని. ఇరవై రెండేళ్ళు సరుకు ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసి దిగిపోయాక ఈ పనిలోకి వచ్చాను. ఎవరైనా పాత తెరచాప బోటు కొనాలనుకుంటే, దాన్ని ఎక్కి, తట్టి, గోకి, ఇంజన్ నడిపి చూసి, ఏది బాగుంది ఏది పోయింది అని రాసిస్తాను. పనంతా చెన్నైలోనో మలేషియాలోనో ఉంటుంది, ఇల్లు మాత్రం ఇక్కడే.

ఈ కేసు 2023 చివర్లో మొదలైంది. ఆయన్ని అన్న అంటాను కానీ బంధుత్వం ఏమీ లేదు, చిత్తూరులో మా వెనక వీధి. వయసు 58. ముప్పై ఏళ్ళు బోరు మోటార్ల వ్యాపారం చేసి, కొట్టు కొడుక్కి అప్పగించి, తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాడు. వదినకు 54. లెక్కల టీచరుగా చేసి ముందే రిటైర్మెంటు తీసుకుంది. 2019లో పిల్లలతో థాయిలాండ్ వెళ్ళినప్పుడు ఒక రోజు తెరచాప బోటు ఎక్కారట, అంతే, ఆ పురుగు కుట్టింది. ఊరికే కలలు కనే రకం కాదు, ఇద్దరూ కలిసి తెరచాప బోటు నడపడం నేర్పే బ్రిటిష్ వాళ్ళ ఆర్‌వైఏ కోర్సులు రెండు, కాంపిటెంట్ క్రూ, ఆ పైన డే స్కిప్పర్ పూర్తి చేసి వచ్చారు. ఆ తర్వాతే నా దగ్గరకి వచ్చారు. అందుకే ఈ కేసు ఒప్పుకున్నాను.

అన్న అడిగిన మొదటి ప్రశ్న మాత్రం వేరే. "మన జిల్లాకి ఇప్పుడు సముద్రం వచ్చింది కదప్పా, పులికాట్‌లో పెట్టుకోలేమా?" 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, తడ, వాకాడు వైపంతా తిరుపతి జిల్లాలో కలిసిన మాట నిజమే. కానీ పులికాట్ సరస్సు సగటు లోతు మీటరు దగ్గర. ఆయన చూస్తున్న రెండు బోట్లలో చిన్నదానికే నీళ్ళ కింద 1.6 మీటర్ల కీల్, అంటే బోటు అడుగున దిగే బరువైన రెక్క, ఉంది. అంటే ఫ్లెమింగోలు నిలబడేచోట మన బోటు పక్కకి ఒరిగి పడుకుంటుంది. బోటు మలేషియాలోని లంకావి దీవిలోనే ఉండాలి అని అప్పుడే తేల్చాం. చెన్నై నుంచి కౌలాలంపూర్ నాలుగు గంటలు, అక్కడి నుంచి ఇంకో గంట. సుంకం లేని దీవి, మెరీనాలు (బోట్లు కట్టే రేవులు) ఉన్నాయి, భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి మన బంగాళాఖాతపు తుపాన్లు అంత దిగువకి రావడం చాలా అరుదు. ఏడాదిలో నాలుగైదు నెలలు అక్కడ ఉండి, థాయ్ దీవులు తిరిగి, ఒకసారైనా పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్ళి రావాలని వాళ్ళ ప్లాను.

రెండు బోట్లు

తయారీ కంపెనీల పేర్లు రాయను, రెండూ మంచి కంపెనీలే, నేను చూసింది ఆ రెండు బోట్లని మాత్రమే.

చిన్నది 32 అడుగులు, 1984లో ఇంగ్లాండులో కట్టింది. బరువు 5.2 టన్నులు, వెడల్పు మూడు మీటర్లు. కీల్ లోపల సీసం పోసి పైన ఫైబర్‌తో మూసేశారు, చుక్కానికి ముందు రక్షణగా స్కెగ్ అనే చిన్న రెక్క ఉంది. మూడు సిలిండర్ల జపాన్ డీజిల్ ఇంజన్. నీళ్ళ ట్యాంకు 180 లీటర్లు. లోపల చీకటి, ముదురు చెక్క, పాత ఇంటి పూజగదిలాగా ఉంటుంది. అడిగిన ధర మన డబ్బుల్లో 29 లక్షలు.

పెద్దది 40 అడుగులు, 2004లో ఫ్రాన్సులో కట్టింది. 8.3 టన్నులు, వెడల్పు దాదాపు నాలుగు మీటర్లు, కీల్ లోతు రెండు మీటర్లు. మూడు బెడ్‌రూములు, రెండు బాత్‌రూములు, 400 లీటర్ల నీళ్ళు. మెయిన్ తెరచాప మాస్ట్ (తెరచాప స్తంభం) లోపలికే చుట్టుకుపోతుంది, తాడు లాగితే బయటికొస్తుంది. వెనక దిగి స్నానం చేయడానికి వేదిక ఉంది. ధర 58 లక్షలు.

ఫోటోల్లో చూస్తే పోటీయే లేదు. ఒకటి త్రీ బీహెచ్‌కే ఫ్లాటు, ఇంకోటి రైల్వే కంపార్ట్‌మెంటు.

ఎనిమిది అడుగులేగా తేడా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బోటు పొడవు పెరిగితే వెడల్పూ లోతూ కూడా పెరుగుతాయి కాబట్టి మొత్తం పరిమాణం పొడవుకి ఘనంలో పెరుగుతుంది. 40ని 32తో భాగిస్తే 1.25, దాని ఘనం 1.95. అంటే రెండు బోట్లంత బోటు. ఇక్కడ బరువు 1.6 రెట్లే ఉండటానికి కారణం ఫ్రెంచ్ బోటు తేలిగ్గా కట్టింది, ఇంగ్లీషు బోటు గోడలు దిట్టంగా పోసింది. వదినకి ఈ లెక్క ఒక్కసారి చెప్తే చాలు. అన్నకి మాత్రం రెండు అంగుళాల పైపుకీ మూడు అంగుళాల పైపుకీ నీళ్ళెంత తేడా వస్తాయి అని అడిగితే "ఓహో" అన్నాడు.

నా మొదటి రిపోర్టు తప్పు

బోట్లు చూడకముందే, కాగితాల మీద నేను 40 అడుగులదానికే మొగ్గాను. ఇది రాయడం నాకు ఇష్టంగా ఏమీ లేదు కానీ రాయకపోతే కేసు సగమే. నా వాదన ఇది. బోటు వేగానికి నీటిమట్టం దగ్గర పొడవే హద్దు. ఆ పొడవు అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గరిష్ఠ వేగం నాట్లలో, అంటే గంటకి ఎన్ని నాటికల్ మైళ్ళో, వస్తుంది. చిన్నదానికి నీటిమట్టం పొడవు 25.5 అడుగులు, వేగం 6.8 నాట్లు. పెద్దదానికి 34.5, వేగం 7.9. మామూలు ప్రయాణంలో సగటున ఐదు, ఆరు అనుకుందాం. లంకావి నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 530 నాటికల్ మైళ్ళు. చిన్నదానిలో 106 గంటలు, పెద్దదానిలో 88. పద్దెనిమిది గంటలు ఆదా, అంటే సముద్రం మీద ఒక రాత్రి తక్కువ. వయసైన ఇద్దరికి ఒక రాత్రి తగ్గడం చిన్న విషయం కాదు. పైగా అన్న పొడుగు, నడుం నొప్పి ఉంది, లోపల నిటారుగా నిలబడాలి. నీళ్ళు ఎక్కువ. లంగరేసి ఉన్నప్పుడు వెడల్పు బోటు తక్కువ ఊగుతుంది. అన్నీ నిజాలే. అయినా తప్పు.

తప్పు ఎక్కడంటే, నేను ఇద్దరు నడిపే బోటు అనుకున్నాను. ఇద్దరు ఎక్కే బోటు అది. రాత్రింబవళ్ళు సాగే ప్రయాణంలో ఒకరు మేలుకుంటే ఒకరు పడుకోవాలి, లేకపోతే రెండోరోజుకి ఇద్దరూ పనికిరారు. అంటే ఏ గంటలో చూసినా బోటు మీద మేలుకుని ఉన్నది ఒక్కరే. పడుకున్న మనిషిని లేపితే వస్తారు, నిజమే, కానీ మూడు గంటలకోసారి లేపితే ఆ మనిషికి నిద్రే లేదు. కాబట్టి లెక్క వేయాల్సింది అన్న బలం ప్లస్ వదిన బలం కాదు, ఇద్దరిలో ఎవరి బలం తక్కువైతే అది ఒక్కటే. ఓడల మీద వంతులవారీగా మేలుకునే వాచ్‌లు వేసి బతికిన నాకు ఇది ముందే తట్టాల్సింది. అక్కడ ఇంజన్ రూములో ఎంత పెద్ద వాల్వైనా తిప్పడానికి ఇంకో మనిషి ఉంటాడు కదా, ఆ అలవాటు నన్ను దెబ్బకొట్టింది.

నాకు ఇది గుర్తు చేసింది వదినే. రిపోర్టు చదివి, "చూడు నాయనా, ఇందులో నేనెక్కడున్నాను?" అంది. పద్నాలుగు పేజీల్లో ఆమె మాట ఒక్కచోటే ఉంది. వంటగది దగ్గర.

టెర్రస్ మీద

డిసెంబరులో ఒక ఆదివారం వాళ్ళ టెర్రస్ మీద రెండు బోట్ల లోపలి ప్లాన్లు అసలు కొలతల్లో గీశాం. టేపు నేను పట్టుకుంటే ముగ్గుపిండితో వదిన గీసింది, నా సుద్దముక్క గీత కంటే ఆమె ముగ్గు గీత తిన్నగా వచ్చింది. పెద్ద బోటు టెర్రస్‌లో పట్టలేదు, ముక్కు నీళ్ళట్యాంకు కిందకి పోయింది. పక్కింటివాళ్ళు ఏదో వాస్తు పూజ అనుకున్నారు.

ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. గీసిన దాంట్లో కుర్చీలు, స్టూళ్ళు పెట్టి గోడలు ఎక్కడొస్తాయో చూపించి, రెండు గంటలు అందులోనే మసలమన్నాను. కాఫీ కలపడం, పడుకోవడం, బాత్‌రూముకి వెళ్ళి రావడం. పెద్ద బోటు వంటగట్టు ఒక పక్క గోడ వెంబడి పొడుగ్గా ఉంది, ఎదురుగా డైనింగ్ టేబులు. మెరీనాలో ఇది అందంగా ఉంటుంది. బోటు ఇరవై డిగ్రీలు ఒరిగినప్పుడు స్టవ్ దగ్గర నిలబడ్డ మనిషికి వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు, జారితే పోయి టేబుల్‌కి గుద్దుకుంటుంది, చేతిలో మరిగే నీళ్ళు. చిన్నదానిలో వంటచోటు ఇంగ్లీషు యూ ఆకారంలో ఉంది, ఆమె నడుము రెండు గట్ల మధ్య ఇరుక్కుంటుంది. ఆ ఇరుకే అక్కడ పట్టు. "మా అమ్మమ్మ వంటిల్లు ఇట్లాగే ఉండేది, కూర్చున్నచోటి నుంచే అన్నీ అందేవి" అంది వదిన.

మంచం సంగతి కూడా అట్లాగే తేలింది. పెద్దదాని వెనక గదుల్లో డబుల్ కాట్‌లు ఉన్నాయి, సముద్రం కదిలినప్పుడు అంత వెడల్పు మంచం మీద మనిషి అటూ ఇటూ దొర్లుతూనే ఉంటాడు. చిన్నదానిలో హాలు రెండువైపులా సన్నటి బెర్తులు, గుడ్డ అడ్డం కడితే ఊయలలో పడుకున్నట్టే. మూడు బెడ్‌రూములున్న బోటులో ప్రయాణంలో నిద్రపట్టే మంచం ఒక్కటి కూడా లేదని నాకు అప్పుడు వెలిగింది.

తర్వాత లంగరు. ఇది నేను సొంతంగా కనిపెట్టిన పరీక్ష, కాస్త మోటుగా ఉంటుంది. 32 అడుగుల బోటుకి 15 కిలోల లంగరు, 8 మిల్లీమీటర్ల గొలుసు. ఆ గొలుసు మీటరుకి సుమారు 1.4 కిలోలు. ఇరవై మీటర్లు వేలాడుతుంటే గొలుసు 28, లంగరుతో కలిపి 43 కిలోలు. 40 అడుగులదానికి 20 కిలోల లంగరు, 10 మిల్లీమీటర్ల గొలుసు, మీటరుకి 2.3 కిలోలు, మొత్తం 66. నీళ్ళలో ఇనుము కొంచెం తేలికవుతుంది, అడుగున బురద పట్టుకుంటే ఆ తేలికంతా పోతుంది. రెండు బోట్లకీ లంగరు ఎత్తే కరెంటు విండ్‌లాస్ ఉంది, నిజమే. అది చెడిపోయేది సరిగ్గా రాత్రి రెండింటికి గాలి తిరిగి బోటు రాళ్ళ వైపు జరుగుతున్నప్పుడే అనుకుని లెక్క వేసుకోవాలి.

ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు కింద పెట్టి, తాడు కట్టి, మొదటి అంతస్తు పిట్టగోడ మీద నుంచి లాగించాను. నిజం బోటులో ఎట్లా చేస్తారో అట్లాగే, రెండు మూరలు లాగి, తాడుని స్తంభానికి చుట్టి, ఊపిరి తీసుకుని మళ్ళీ. రెండు క్యాన్లని వదిన ఆరేడు విడతల్లో పైకి తెచ్చింది. మొహం ఎర్రబడింది, కానీ తెచ్చింది. మూడు క్యాన్లు అడుగు ఎత్తు లేచి ఆగిపోయాయి. అన్న లాగాడు, వచ్చాయి, ఆ తర్వాత గోడకి ఆనుకుని పావుగంట కూర్చున్నాడు. కింద వాచ్‌మన్ నీళ్ళు వృథా అవుతాయేమోనని ఒకటే గొడవ.

ఇక్కడ ఒక మాట. వదిన బలహీనురాలు కాదు. నెలకోసారి అలిపిరి నుంచి మెట్లెక్కుతుంది, 3,550 మెట్లు, అన్నకి గాలిగోపురం దాటేసరికే మోకాళ్ళు పట్టేస్తాయి. ఆమెకి ఓపిక ఉంది, ఒక్కసారిగా గుంజే బలం లేదు. అటువంటి మనిషికి కావలసింది నాలుగు విడతల్లో చేసినా పని పూర్తయ్యే బోటు. పెద్ద బోటులో కొన్ని పనులు విడతల్లో చేయడానికి కుదరవు. గుంజితే రావాలి, లేకపోతే లేదు.

లంకావిలో ఎనిమిది రోజులు

2024 జనవరిలో ముగ్గురం వెళ్ళాం. ఈశాన్య గాలి 15 నాట్ల దగ్గర నిలకడగా ఉంది.

ముందు నా పని. పెద్దదానికి మాస్ట్‌ని నిలబెట్టే స్టీల్ వైర్లు 2004వే, ఇరవై ఏళ్ళవి. పదేళ్ళు దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముఖం అదోలా పెడతారు. ఇంజన్ నుంచి ప్రొపెల్లర్‌కి సెయిల్‌డ్రైవ్ ఉంది, అంటే బోటు అడుగున పెద్ద రంధ్రం, దాన్ని మూసేది ఒక రబ్బరు డయాఫ్రం. ఏడేళ్ళకోసారి మార్చమని తయారీదారు చెప్తాడు. ఎప్పుడు మార్చారో కాగితం లేదు. అది చిరిగితే బోటు మునుగుతుంది, అంత సూటి విషయం. చిన్నదానికి వైర్లు 2015లో మార్చినవి, బిల్లు ఉంది. ప్లాస్టిక్ సుత్తితో డెక్ అంతా తట్టుకుంటూ పోతే కుడివైపు చెయిన్‌ప్లేట్ దగ్గర, అంటే మాస్ట్ వైరు డెక్‌కి దిగేచోట, చప్పుడు మారింది. పుచ్చకాయ తట్టినట్టు రావాల్సింది అట్టపెట్టె తట్టినట్టు వచ్చింది. మీటర్ పెడితే తేమ. రెండడుగుల మేర లోపలి చెక్క తడిసింది, రెండు రోజుల పని అని రాసుకున్నాను. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

తర్వాత సముద్రం మీద పరీక్ష. షరతు ఒక్కటే, ఒకరు బోటు తిప్పుతుంటే రెండోవాళ్ళు లోపల పడుకుని ఉండాలి, పిలిచినా రాకూడదు. నేను ఉన్నాను, కానీ చేతులు కట్టుకుని.

పెద్ద బోటు బాగా పరిగెత్తింది, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఏడు నాట్లు అందుకున్నప్పుడు అన్న ముఖం చూడాలి. మధ్యాహ్నం గాలి కాస్త పెరిగింది, 20 దాటింది. గాలి బలం దాని వేగానికి వర్గంలో పెరుగుతుంది, 15 నుంచి 21కి వస్తే బలం దాదాపు రెట్టింపు. పెద్దదాని మెయిన్ తెరచాప 32 చదరపు మీటర్లు, చిన్నదానిది 18. అంటే మామూలు గాలి రోజున పెద్దదాని తాళ్ళ మీద ఉండే బరువు, చిన్నదాని మీద గాలి ఎక్కువైన రోజు బరువుతో దాదాపు సమానం. ఈ మాట తెరచాప తగ్గించాల్సి వచ్చినప్పుడు అందరికీ అర్థమైంది. వదిన తాడు లాగింది, తెరచాప మాస్ట్ లోపలికి సగం చుట్టుకుని, మడత పడి, ఇరుక్కుంది. లోపలికీ పోదు, బయటికీ రాదు. తాడు బిగించే వించ్ మీద ఎంత తిప్పినా అంతే. మామూలుగా అయితే ఒకరు బోటుని గాలికి ఎదురు పెట్టి పట్టుకోవాలి, ఒకరు మాస్ట్ దగ్గరకి వెళ్ళి చేత్తో గుంజాలి. అప్పుడే అన్న లోపలి నుంచి బయటికి వచ్చాడు, షరతు తప్పి. నేను ఏమీ అనలేదు, ఆ పరీక్ష ముగిసిందని ఆయనకీ తెలుసు.

మర్నాడు చిన్నది. నాలుగున్నర, ఐదు నాట్లు. బోటు ముక్కు అలల్లో దూరి లేస్తుంటే కాక్‌పిట్‌లో అందరం తడిసిపోయాం. ఊగుడు ఎక్కువ, వదినకి ఒకసారి వాంతి కూడా అయింది, మూతి తుడుచుకుని మళ్ళీ చుక్కాని పట్టుకుంది. మెయిన్ తగ్గించడానికి పాత పద్ధతి, తాడు వదిలి, కొంత దించి, కొక్కేనికి తగిలించి, బిగించడం. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది, నాలుగోసారి ఐదు. మనిషి పడిపోయినట్టు అనుకుని బకెట్ కట్టిన ఫెండర్‌ని (బోటు పక్కన రాపిడి ఆపడానికి కట్టే దిండుని) నీళ్ళలోకి విసిరాం. వదిన ఒక్కతే బోటు తిప్పి, ఆపి, మూడో ప్రయత్నంలో అందుకుంది. పైకి తీసే విషయంలో మాత్రం పెద్ద బోటుదే పైచేయి, వెనక వేదిక ఉంది కాబట్టి. చిన్నదానికి పక్కన తాడు నిచ్చెన, కప్పీ అదనంగా పెట్టాలని రాశాను.

1979లో ఇంగ్లాండ్ దగ్గర ఫాస్ట్‌నెట్ పందెంలో తుపాను వచ్చి, బయల్దేరిన 303 యాచ్‌లలో చాలావాటిని బోల్తా కొట్టించింది, పందెంలో ఉన్న 15 మంది పోయారు. దాని తర్వాత బోటు తిరగబడితే మళ్ళీ లేస్తుందా అని అంచనా కట్టే ఒక సూత్రం వాడుకలోకి వచ్చింది, వెడల్పుని బరువుతో పోల్చేది, ఫలితం 2 కంటే తక్కువ ఉండాలి. చిన్నదానికి 1.74 వచ్చింది, పెద్దదానికి 1.97. రెండూ పాసే. అండమాన్ సముద్రంలో జనవరిలో తిరిగేవాళ్ళకి ఇది అంత ముఖ్యం కూడా కాదు. అయినా చెప్పాను, ఎందుకంటే పెద్ద బోటంటే ఎక్కువ భద్రం అనే నమ్మకం అన్న బుర్రలో మేకులాగా ఉంది. 1968–69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి మనిషి, 312 రోజులు, ఆయన బోటు సుహైలీ పొడవు 32 అడుగులే, అది మన బొంబాయిలో టేకుతో కట్టినది. ఇది వినగానే అన్నకి చిన్న బోటు మీద కాస్త గౌరవం వచ్చింది. లెక్కలతో రానిది బొంబాయి పేరుతో వచ్చింది, సరే.

డబ్బు

దీని మీద ఎక్కువ రాయను. పెద్దదానికి ధర 58, వైర్లు, డయాఫ్రం, కొత్త తెరచాపలు కలిపి ఇంకో 16 లక్షలు. చిన్నది బేరమాడితే 27కి వచ్చింది, రిపేర్లకి 6 అనుకున్నాం. ఏడాది ఖర్చు, పదేళ్ళకి సగటు వేస్తే, చిన్నదానికి నాలుగున్నర లక్షలు, పెద్దదానికి ఎనిమిది. మెరీనా అద్దె పొడవు మీద, అడుగున వేసే రంగు వైశాల్యం మీద, తెరచాపలూ వైర్లూ బరువు మీద పెరుగుతాయి. అన్న మొత్తం బడ్జెట్ 60. "కరకంబాడి రోడ్డులో ప్లాటు ఒకటుంది, అమ్మేస్తా" అన్నాడు. వదిన ఆయన వైపు చూడనైనా చూడలేదు.

డబ్బు పంపేటప్పుడు తెలియక చేతులు కాల్చుకోవద్దు. విదేశాలకి పంపే సొమ్ముకి రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకంలో మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల హద్దు. అప్పటి నిబంధన ప్రకారం ఏడు లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకునేది (2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పది లక్షలు). ఒక్కరి పేరు మీద 27 లక్షలు పంపితే 4 లక్షలు పక్కకి పోతాయి. ఇద్దరూ చెరిసగం పంపితే 2 లక్షల 60 వేలు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. ఈ సలహా వాళ్ళ ఆడిటర్‌ది, నాది కాదు.

ఎవరు తేల్చారు

అన్న చివరిదాకా పెద్దదాని వైపే. తెరచాప ఇరుక్కోవడం రిపేరు చేస్తే పోతుందన్నాడు, అది కూడా నిజమే. అసలు కారణం వెళ్ళే ముందురోజు రాత్రి బయటికొచ్చింది. "కొడుకూ కోడలూ వస్తే, అల్లుడొస్తే ఎక్కడ పడుకోబెడతాం?"

వదిన అన్న మాట నాకు గుర్తుంది. "మన ఇంట్లో గెస్ట్ రూములో ఏడాదికి పది రోజులు మనుషులుంటారు. మిగతా మూడొందల యాభై రోజులు నేను ఊడుస్తున్నా. సముద్రం మీద కూడా ఊడవమంటావా? అల్లుడు హోటల్లో ఉంటాడులే."

చిన్నదే కొన్నారు.

ఇప్పుడు చెయిన్‌ప్లేట్. రెండు రోజుల పని అన్నాను కదా. డెక్ తెరిస్తే తడి కింద గోడలోకి, అంటే చెయిన్‌ప్లేట్ బోల్టులు పట్టుకునే ప్లైవుడ్ గోడలోకి దిగి ఉంది. అడుగున చెయ్యెత్తు మేర చెక్క నల్లబడి, స్క్రూడ్రైవర్ గుచ్చితే కేకులా దిగింది. నాలుగు వారాలు పట్టింది, మూడున్నర లక్షలు అదనం. గోడ ముందు సోఫా అల్మరా బిగించి ఉంటే దాన్ని విప్పించి చూడలేదు నేను, అమ్మేవాడు వద్దన్నాడని ఊరుకున్నాను. ఊరుకోకూడదు. నా ఫీజులో సగం వెనక్కిచ్చాను. అన్న తీసుకోనన్నాడు, వదిన తీసుకుంది, సరిగ్గా చేసింది. అప్పటి నుంచి విప్పనివ్వని అల్మరా ఉంటే రిపోర్టు మొదటి పేజీలోనే రాస్తున్నాను.

ఏడాదిన్నర తర్వాత

రెండు సీజన్లు తిరిగారు. కో లీపె, బుటాంగ్ దీవులు, ఫుకెట్ దాకా, చిన్న చిన్న అంగలుగా. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఇంకా వెళ్ళలేదు.

2025 ఫిబ్రవరిలో కో లీపె దగ్గర అన్నకి జ్వరం, లేవలేని పరిస్థితి. లంకావికి ముప్పై మైళ్ళ లోపే. తెల్లవారుజామున వదిన ఒక్కతే లంగరు ఎత్తి, మెయిన్ సగానికి తగ్గించి, సగం దూరం ఇంజను మీద, సగం గాలి మీద తీసుకొచ్చింది. ఆరున్నర గంటలు. విండ్‌లాస్ బాగానే పనిచేసిందట, క్యాన్లు లాగిన కష్టం వృథా అని నవ్వింది. మెరీనాలో కట్టేటప్పుడు మాత్రం స్తంభానికి గుద్దేసింది, ముందు రెయిలింగ్ వంగింది.

అట్లాగని అంతా చిన్న బోటు గొప్పే అనుకోవద్దు. అదే సీజన్లో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్. పక్క అల కొడుతోంది, బోటు గడియారం లోలకంలా ఊగుతోంది, మూడు రాత్రులుగా నిద్ర లేదు. "ఆ నలభై అడుగులదే కొనుంటే బాగుండేది నాయనా" అంది వదినే. నేనేమీ సమాధానం చెప్పలేదు. లంగరేసి ఉండే రాత్రులు ప్రయాణం చేసే రాత్రుల కంటే చాలా ఎక్కువ, ఆ లెక్కన ఆమె మాటలో న్యాయం ఉంది. వెనక వైపు ఇంకో చిన్న లంగరేసి బోటు ముక్కుని అలకి ఎదురు తిప్పమన్నాను. కొంత తగ్గిందట.

మే నెలాఖరులో అన్న వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు. నేవీ అధికారులు దిల్నా, రూపా ఇద్దరే నేవీ తెరచాప బోటు ఐఎన్ఎస్‌వీ తారిణిలో ప్రపంచం చుట్టి గోవా చేరారు. కింద ఒకటే లైను: "56 అడుగుల బోటు, ఇద్దరాడవాళ్ళు. ఇప్పుడేమంటావప్పా?" అదే తారిణిలో 2017–18లో వెళ్ళింది ఆరుగురు, అందులో మన విశాఖ అమ్మాయి స్వాతి కూడా ఉంది. వాళ్ళది ఏళ్ళ తరబడి ట్రైనింగు, వెనకాల నేవీ మొత్తం ఉంది, మీ వెనకాల నేనున్నాను అని రాశాను. నవ్వు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

ఇది రాస్తున్న 2025లో, పోర్ట్ బ్లెయిర్ 2026 జనవరికి అనుకుంటున్నారు. దానికి ముందు 2015 నాటి వైర్లు మార్చాలి, చుట్టుపక్కల ఓడలకి మన బోటు ఎక్కడుందో చూపించే ఏఐఎస్ బిగించాలి, లైఫ్ రాఫ్ట్ సర్వీసుకివ్వాలి. అన్నిటికంటే ముందు వంకర తిరిగిన ఆ రెయిలింగ్. నవంబరు రెండో వారంలో నేను వెళ్తున్నాను, ఈసారి అల్మరాలన్నీ విప్పి పెట్టమని ముందే చెప్పాను.